సముద్రం అడుగున అగ్నిపర్వతం పెరిగితే కింది పలక ఎంత వంగుతుంది?

కెరటం
అందరికీ నమస్కారం. చాలాకాలంగా నన్ను వదలని సందేహం ఒకటి. సముద్రం కింద భూపటలం మందం 6, 7 కిలోమీటర్లే అంటారు. హవాయిలోని మౌనా కియాను సముద్రపు అడుగు నుంచి కొలిస్తే ఎత్తు 10 కిలోమీటర్లు దాటుతుంది. అంటే తన కింద ఉన్న పటలం కన్నా కొండే ఎత్తు. ఇంత బరువు పడ్డాక ఆ పటలం ఎందుకు పగిలిపోలేదు? కొండ ఎందుకు కుంగి మాయమైపోలేదు? అసలు అంత లోతులో, అంత నీటి కింద కొండ ఎలా పుడుతుంది? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. లెక్కలున్నా పరవాలేదు, చదువుతాను.

బసాల్టు
కెరటం గారూ, ముందు పుట్టుక సంగతి చూద్దాం.

పటలం కింద ఉండే మందమైన రాతి పొరే మాంటిల్. ఆ రాయి ఘనంగానే ఉంటుంది, ద్రవం కాదు. విపరీతమైన ఒత్తిడి దాన్ని కరగనివ్వదు. ఆ రాయి ఏ కారణంగానైనా పైకి వస్తే ఒత్తిడి తగ్గుతుంది, వేడి మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. అప్పుడు రాయిలో కొంత భాగం కరుగుతుంది. కొత్తగా ఎవరూ వేడి పెట్టనక్కర్లేదు. సముద్ర మధ్య పర్వతశ్రేణుల దగ్గర రెండు పలకలు విడిపోతుంటే, ఆ ఖాళీని నింపడానికి మాంటిల్ పైకి వస్తూ ఇలాగే కరుగుతుంది. సుమారు 65,000 కిలోమీటర్ల పొడవున భూగోళాన్ని చుట్టిన ఆ శ్రేణుల దగ్గరే సముద్రపు పటలమంతా తయారవుతుంది. హవాయి లాంటి చోట్ల సంగతి వేరు. అక్కడ పలక మధ్యలోనే, కింద లోతు నుంచి మామూలు కన్నా వేడిగా ఉన్న మాంటిల్ పైకి వస్తోంది. ఈ హాట్‌స్పాట్ ఆలోచనను 1963లో టూజో విల్సన్ ముందుకు తెచ్చాడు. 1971లో జేసన్ మోర్గన్ దాన్ని మాంటిల్ ప్లూమ్ (లోతు నుంచి స్తంభంలా లేచే వేడి మాంటిల్) సిద్ధాంతంగా మలిచాడు. ఇక మూడోది, ఒక పలక మరోదాని కిందికి దిగేచోట. దిగే పలక వెంట వెళ్లిన నీరు పైనున్న మాంటిల్‌లో కలిసి, అది కరిగే ఉష్ణోగ్రతను తగ్గిస్తుంది. పసిఫిక్‌లోని టోంగా, మరియానా అగ్నిపర్వతాలు అలా పుట్టినవే.

నీటి కింద లావా ఎలా ప్రవర్తిస్తుందన్నది లోతును బట్టి ఉంటుంది. 4,000 మీటర్ల లోతులో ఒత్తిడి సుమారు 400 వాతావరణాలు. అంత ఒత్తిడిలో లావాలోని వాయువులు పెద్దగా ఉబ్బలేవు, నీరు ఒక్కసారిగా ఆవిరై విరుచుకుపడలేదు. లావా బయటికి వస్తూనే పైపొర గడ్డకట్టి, గుండ్రని ముద్దలుగా ఒకదానిమీద ఒకటి పేరుకుంటుంది. కొండ పెరిగి, శిఖరం నీటి ఉపరితలానికి కొన్ని వందల మీటర్ల కిందికి వచ్చేసరికి కథ మారిపోతుంది. 2022 జనవరి 15న టోంగాలో హుంగా అగ్నిపర్వతం పేలినప్పుడు బూడిద, ఆవిరి 57 కిలోమీటర్ల ఎత్తుకు లేచాయి. అది తక్కువ లోతులో జరిగిన పేలుడు.

వంపు సంగతి తరవాతి పోస్టులో రాస్తాను. అది ఇంకా పెద్దది.

నిశాచరి
బసాల్టు గారూ, ఆగకుండా రాయండి. మేమూ చదువుతున్నాం.

బసాల్టు
సరే. కెరటం గారి ప్రశ్నలో సగం చిక్కు "పటలం" దగ్గరే ఉంది. బరువు మోసేది 7 కిలోమీటర్ల పటలం ఒక్కటే కాదు. దాని కింద చల్లబడి గట్టిపడిన మాంటిల్ భాగం కూడా పటలానికి అతుక్కుని ఉంటుంది. రెండూ కలిస్తేనే పలక. హవాయి కింద పసిఫిక్ పలక వయసు సుమారు 9 కోట్ల ఏళ్లు. కోట్ల ఏళ్లు చల్లబడ్డ ఆ పలక మొత్తం మందం దాదాపు 100 కిలోమీటర్లు ఉంటుంది.

అయితే ఆ 100 కిలోమీటర్లూ బరువు మోయవు. కింది భాగం వేడిగా ఉంటుంది కాబట్టి లక్షల ఏళ్ల పాటు బరువు పడితే నెమ్మదిగా సాగిపోతుంది. స్ప్రింగులా వంగి నిలబడేది పై భాగం మాత్రమే. ఆ భాగానికి సమానమైన మందాన్ని స్థితిస్థాపక మందం అంటాం. హవాయి దగ్గర అది సుమారు 25 నుంచి 35 కిలోమీటర్లు. అంటే కొండ ఎత్తుకు మూడింతలు. అందుకే పలక పగలలేదు, వంగింది.

నీటిమీద తేలే పెద్ద చెక్క మీద మధ్యలో బరువు పెట్టినట్టు ఊహించుకోండి. బరువున్న చోట చెక్క కుంగుతుంది, చుట్టుపక్కల కూడా కొంత దూరం దానితోపాటు దిగుతుంది, ఇంకా దూరాన కాస్త పైకి లేస్తుంది. పలక కింద నీటికి బదులు మెత్తటి మాంటిల్ ఉంటుంది. అది పక్కలకు జరిగి చోటిస్తుంది. హవాయి దీవుల చుట్టూ సముద్రపు అడుగున కందకం లాంటి పల్లం ఉంది. దాని అవతల, దీవుల నుంచి 250, 300 కిలోమీటర్ల దూరంలో అడుగు కొంచెం పైకి ఉబ్బి ఉంటుంది. దాన్నే హవాయి ఆర్చ్ అంటారు.

హవాయిలోనే ఉన్న మరో అగ్నిపర్వతం మౌనా లోవా కింద పలక ఎంత కుంగిందో కూడా అంచనా ఉంది: సుమారు 8 కిలోమీటర్లు. శిఖరం నుంచి, లోపలికి దిగిపోయిన అసలు అడుగు దాకా కొలిస్తే ఆ కొండ ఎత్తు సుమారు 17 కిలోమీటర్లు. మనకు కనిపించేది సముద్రమట్టానికి పైన 4,169 మీటర్లే.

తీరరేఖ
ఇక్కడ నాకు అభ్యంతరం ఉంది బసాల్టు గారూ. హవాయి చుట్టూ సముద్రపు అడుగు కుంగలేదు, పైకి లేచింది కదా? వెయ్యి కిలోమీటర్లకు పైగా వెడల్పున, ఒక కిలోమీటరు దాకా ఎత్తుగా ఉబ్బి ఉంటుందని చాలా మ్యాపుల్లో చూపిస్తారు. బరువుకు కుంగితే ఆ ఉబ్బు ఎక్కడిది?

బసాల్టు
తీరరేఖ గారూ, ఆ ఉబ్బు నిజమే. కాకపోతే అది వేరు, ఆర్చ్ వేరు. మీరు చెప్పినది కింద నుంచి పైకి వస్తున్న వేడి మాంటిల్ పలకను ఎత్తిపట్టడం వల్ల వచ్చింది. అది చాలా వెడల్పు, నెమ్మదిగా వాలుతుంది. కందకం, ఆర్చ్ కొండ బరువు వల్ల వచ్చాయి, అవి ఇరుకు. రెండూ ఒకదానిమీద ఒకటి పడి ఉన్నాయి. సముద్రపు లోతు ఒక్కటే కొలిస్తే వీటిని విడదీయడం కష్టం. గురుత్వాకర్షణ కొలతలు, భూకంప తరంగాలతో తీసిన చిత్రాలు కలిపి చూస్తేనే తేలుతుంది.

పైగా కందకం ఇప్పుడు ఖాళీగా లేదు. దీవుల నుంచి జారిపడ్డ కొండచరియలు, మట్టి, బూడిద రెండు, మూడు కిలోమీటర్ల మందాన దాన్ని నింపేశాయి. అందుకే పైనుంచి చూస్తే అసలు వంపులో కొంతే కనిపిస్తుంది. 1982లో రెండు ఓడలతో చేసిన సర్వేలో తరంగాలు లోపలికి పంపి చూసినప్పుడు, పాత సముద్రపు అడుగు దీవుల వైపు వంగి దిగిపోతున్న తీరు స్పష్టంగా కనిపించింది. మోహో, అంటే పటలం ముగిసి మాంటిల్ మొదలయ్యే హద్దు, అదీ దానితోపాటే వంగింది. గురుత్వాకర్షణతో ఊహించిన ఆకారం నిజంగా కళ్లకు కట్టింది. ఈ రంగంలో నాకు బాగా నచ్చిన ఫలితాల్లో అదొకటి.

గీతలెక్క
లెక్కలున్నా పరవాలేదన్నారు కాబట్టి వేసి చూపిస్తాను.

పలక వంగడానికి చేసే ప్రతిఘటన దాని స్థితిస్థాపక మందం ఘనాన్ని బట్టి ఉంటుంది. మందం రెట్టింపైతే బిగువు 8 రెట్లు. మందం 30 కిలోమీటర్లు, యంగ్ గుణకం (రాయి సాగడానికి ఎంత ఎదురు నిలుస్తుందో చెప్పేది) 100 గిగాపాస్కల్స్, పాయిజాన్ నిష్పత్తి (ఒకవైపు లాగితే అడ్డంగా ఎంత సన్నబడుతుందో చెప్పేది) 0.25 అనుకుంటే బిగువు విలువ సుమారు 24 పక్కన 22 సున్నాలు పెట్టినన్ని న్యూటన్ మీటర్లు వస్తుంది.

ఈ బిగువుకు నాలుగింతలు తీసుకుని, మాంటిల్‌కూ నీటికీ ఉన్న సాంద్రత తేడా (ఘనమీటరుకు సుమారు 2,270 కిలోలు), గురుత్వ త్వరణం, ఈ రెంటి లబ్ధంతో భాగించి నాలుగో మూలం (వర్గమూలానికి మళ్లీ వర్గమూలం) తీస్తే ఒక పొడవు వస్తుంది. ఇక్కడ అది దాదాపు 81 కిలోమీటర్లు. గీతలా పొడుగ్గా ఉన్న బరువు అనుకుంటే, పక్కన ఉబ్బు బాగా పైకి ఉండే చోటు ఈ పొడవుకు π (సుమారు 3.14) రెట్లు, అంటే సుమారు 255 కిలోమీటర్లు. బసాల్టు గారు ఆర్చ్‌కి చెప్పిన దూరంతో సరిపోయింది చూడండి. ఉబ్బు ఎత్తు మధ్యలో కుంగినదానిలో 4 శాతమే. కందకాన్ని మట్టి నింపితే సాంద్రత తేడా తగ్గి, వంపు ఇంకా వెడల్పూ లోతూ అవుతుంది.

అదే లెక్క 5 కిలోమీటర్ల మందానికి వేస్తే ఉబ్బు 65, 70 కిలోమీటర్ల దగ్గరికి జరిగిపోతుంది. సన్నటి పలక ఇరుకుగా, లోతుగా కుంగుతుంది.

కెరటం
గీతలెక్క గారూ, చాలా బాగుంది. కాగితం మీద నేనూ వేసుకున్నాను, 81 వచ్చింది. అయితే అన్ని అగ్నిపర్వతాల కిందా పలక మందం ఒకటే ఉండదు కదా? దేన్ని బట్టి మారుతుంది?

బసాల్టు
ఈ చర్చలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే.

కొండ బరువు పడిననాడు పలక వయసెంత అన్నదాన్ని బట్టి మారుతుంది. పలక శ్రేణి దగ్గర పుట్టినప్పుడు వేడిగా, సన్నగా ఉంటుంది. దూరం జరిగేకొద్దీ చల్లబడి మందమవుతుంది. 1978లో టోనీ వాట్స్ హవాయి నుంచి ఎంపరర్ సముద్ర పర్వతాల దాకా గురుత్వాకర్షణ కొలతలు పోల్చి ఈ సంబంధాన్ని చూపించాడు. స్థితిస్థాపక మందం అడుగు భాగం సుమారు 300 నుంచి 600 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండే గీతను అనుసరిస్తుంది. వయసు పెరిగేకొద్దీ ఆ గీత లోతుకు దిగుతుంది, మోసే మందం పెరుగుతుంది.

హవాయి, ఎంపరర్ పర్వతాలు ఒకే హాట్‌స్పాట్ నుంచి పుట్టినవి. మొత్తం గొలుసు పొడవు సుమారు 6,000 కిలోమీటర్లు. మధ్యలో మలుపు సుమారు 4 కోట్ల 70 లక్షల ఏళ్ల నాటిది. ఉత్తరపు కొసకు దగ్గర్లో ఉన్న డెట్రాయిట్ పర్వతం పుట్టి 7 కోట్ల 50 లక్షల ఏళ్లు దాటింది. అది పుట్టినప్పుడు అక్కడి పలక శ్రేణికి దగ్గర్లో ఉంది, లేత పలక. అందుకే ఆ పర్వతాల కింద వంపు ఇరుకు. హవాయి మాత్రం 9 కోట్ల ఏళ్ల ముదురు పలక మీద లేచింది. ఒకే హాట్‌స్పాట్, రెండు రకాల వంపులు.

ఇంకో విశేషం. డెట్రాయిట్ కింది పలక ఈనాటికి చల్లబడి ఎంతో మందమైంది. అయినా వంపు మాత్రం అప్పటి సన్నటి పలకదే. బరువు పడిననాటి ఆకారం అలాగే నిలిచిపోయింది. కాబట్టి ఈరోజు ఓడమీద వెళ్లి వంపు కొలిస్తే, కోట్ల ఏళ్ల కిందట ఆ పలక ఎంత వేడిగా ఉండేదో తెలుస్తుంది. రాయిని తవ్వి వయసు కట్టకుండానే ఆ కొండ శ్రేణి పక్కన పుట్టిందా, పలక నడిమధ్యన పుట్టిందా అన్న ఆధారం దొరుకుతుంది. దీని విలువ ఎంతో మాటల్లో చెప్పలేను.

పగడపుదిబ్బ
నాకు పగడాల మీద ఆసక్తి ఎక్కువ కాబట్టి ఆ వైపు నుంచి వస్తాను. పలక కుంగుతోందనడానికి పగడాలను మించిన సాక్షి లేదు. అవి వెలుతురు అందే లోతులోనే పెరుగుతాయి. అలాంటి దిబ్బలు హవాయి దీవి పక్కన సముద్రంలో 1,000 మీటర్లకు మించిన లోతులో కూడా మెట్లుమెట్లుగా మునిగి ఉన్నాయి. పెరిగిన చోటే ఉండిపోయాయి, కింద నేల దిగిపోయింది.

హవాయి దీవి తూర్పు తీరంలోని హిలోలో తవ్విన శాస్త్రీయ బోరు సంగతి కూడా చెప్పాలి. అది 3,500 మీటర్లు దాటి వెళ్లింది. గాలిలో గడ్డకట్టిన లావా పొరలు అందులో సముద్రమట్టానికి సుమారు 1,080 మీటర్ల కింది దాకా దొరికాయి, ఆ తరవాతే నీటిలో గడ్డకట్టినవి మొదలయ్యాయి. ఒకప్పుడు ఎండ తగిలిన నేల ఈరోజు కిలోమీటరుకు పైగా లోతులో ఉందన్నమాట. హిలో తీరం ఇప్పటికీ ఏటా రెండు, మూడు మిల్లీమీటర్లు దిగుతోంది.

దీనికి పూర్తిగా వ్యతిరేక దృశ్యం ఫ్రెంచ్ పాలినేసియాలో ఉంది. మకాటియా అనే పగడపు దీవి సముద్రం నుంచి 100 మీటర్లకు పైగా ఎత్తుకు లేచి, నిలువు గోడల్లాంటి సున్నపురాయి కొండగా నిలబడి ఉంటుంది. దాన్ని ఎత్తింది సుమారు 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న తహితి! తహితి అగ్నిపర్వతం బరువుకు పలక కుంగితే, దాని చుట్టూ దూరాన లేచిన ఉబ్బు మీద మకాటియా పడింది. పిట్‌కైర్న్ వల్ల హెండర్సన్ దీవి, రారోటోంగా వల్ల మంగాయా లేచాయి. మార్షియా మెక్‌నట్, హెన్రీ మెనార్డ్ 1978లో ఈ లెక్క కట్టారు. గీతలెక్క గారు చెప్పిన ఆ 4 శాతం ఉబ్బు ఒక దీవిని సముద్రంలోంచి ఎత్తగలదంటే ఎంత అద్భుతం!

నిశాచరి
పగడపుదిబ్బ గారూ, మరి నీటి కింద చదునైన శిఖరాలతో ఉండే పర్వతాలున్నాయే, అవి కూడా ఇలా బరువుకే మునిగాయా?

పగడపుదిబ్బ
పూర్తిగా కాదండి. మునగడం రెండు విధాలు. సొంత బరువుకు కుంగడం త్వరగా జరుగుతుంది. కొండ పెరుగుతున్నప్పుడు, ఆ తరవాత కొన్ని లక్షల ఏళ్లలో చాలావరకు అయిపోతుంది. రెండోది పలక చల్లబడి బరువెక్కడం వల్ల. అది కోట్ల ఏళ్లు సాగుతుంది. శ్రేణి దగ్గర సముద్రపు లోతు సుమారు 2,500 మీటర్లు, 10 కోట్ల ఏళ్ల పలక మీద దాదాపు 6,000 మీటర్లు. పలక మీద ఉన్న కొండ కూడా దానితోపాటు దిగక తప్పదు. అలలు శిఖరాన్ని కోసి చదును చేశాక కొండ అలా లోతుకు వెళ్లిపోతుంది. ఈ చదును శిఖరాలను హ్యారీ హెస్ రెండో ప్రపంచయుద్ధంలో నౌకాదళ ఓడ మీద ఉండగా ధ్వనితో లోతు కొలిచే పరికరంలో గమనించి, 1946లో ప్రచురించాడు.

దీవి మునుగుతుంటే చుట్టూ పగడాలు పైకి పెరుగుతూ వలయంగా మిగులుతాయని డార్విన్ 1842లోనే రాశాడు. 1952లో మార్షల్ దీవుల్లోని ఎనివెటోక్ పగడపు వలయం దగ్గర తవ్వినప్పుడు 1,200 మీటర్లకు పైగా సున్నపురాయి దాటాక బసాల్ట్ తగిలింది. పలకల సిద్ధాంతం ఇంకా పుట్టకముందే ఆయన చెప్పింది నిజమని తేలింది.

తీరరేఖ
హిందూ మహాసముద్రంలోని మాయోట్ దీవి సంగతి కూడా ఇదేనా? 2018లో అక్కడ భూకంపాలు మొదలయ్యాయి, 2019లో దీవికి తూర్పున సుమారు 50 కిలోమీటర్ల దూరంలో 820 మీటర్ల కొత్త అగ్నిపర్వతం కనిపించింది. ఆ మధ్యలో దీవి 10 సెంటీమీటర్లకు పైగా కుంగింది. కొత్త కొండ బరువుకు పలక వంగిందని అనుకోవచ్చా?

బసాల్టు
అలా అనుకోలేం. అక్కడ లోతున ఉన్న మాగ్మా గది ఖాళీ అవుతుంటే పైనున్న నేల దిగింది. అందుకే దీవి కుంగడమే కాక తూర్పుకు, కొత్త కొండ వైపుకు జరిగింది కూడా. ఆ కొండ ఘనపరిమాణం కొన్ని ఘన కిలోమీటర్లే. మౌనా లోవాది 75,000 ఘన కిలోమీటర్ల స్థాయి. పలకను అంత గట్టిగా వంచాలంటే ఆ స్థాయి బరువు కావాలి.

వంపు మాత్రం భూకంపాలు తెప్పించగలదు. కుంగిన చోట పలక పై భాగం నొక్కుకుపోతుంది, కింది భాగం సాగుతుంది. ఆ ఒత్తిడి ఒక్కోసారి తెగుతుంది. 2006 అక్టోబరు 15న హవాయిలో కిహోలో బే దగ్గర 6.7 తీవ్రతతో వచ్చిన భూకంపం సుమారు 39 కిలోమీటర్ల లోతున పుట్టింది. 2024 ఫిబ్రవరి 9న పహాలా దగ్గర 5.7 తీవ్రతతో వచ్చినది 37 కిలోమీటర్ల లోతున. రెండూ మాంటిల్ లోపల, దీవుల బరువుకు వంగిన పలకలో పుట్టినవేనని శాస్త్రవేత్తల నిర్ధారణ. అగ్నిపర్వతం పేలబోతోందని జనం భయపడతారు గానీ వీటికి విస్ఫోటనంతో నేరుగా సంబంధం ఉండదు. ఈ సంగతి అక్కడివాళ్లకు బాగా చేరాలి.

కెరటం
ఇన్ని కొండలు నీటి కింద ఉన్నాయని అసలు ఎలా లెక్కపెట్టారు? అన్ని చోట్లకూ ఓడలు వెళ్లలేవు కదా.

గీతలెక్క
ఉపగ్రహాలతో. నీటి కింద కొండ ఉంటే దాని ద్రవ్యరాశి చుట్టుపక్కల నీటిని తన వైపు లాగుతుంది. 2,000 మీటర్ల కొండ మీద సముద్రపు ఉపరితలం ఒకటి, రెండు మీటర్లు ఉబ్బి ఉంటుంది. ఓడమీద వెళ్లేవారికి అది తెలియదు, ఎందుకంటే ఉబ్బు పదుల కిలోమీటర్ల వెడల్పున పరుచుకుంటుంది. ఉపగ్రహం రాడార్‌తో కొలుస్తుంది. 1997లో స్మిత్, శాండ్‌వెల్ ఈ కొలతలతోనే ప్రపంచ సముద్రపు అడుగు పటం తయారుచేశారు. 2023లో వచ్చిన పట్టికతో తెలిసిన సముద్ర పర్వతాల సంఖ్య 43,000 దాటింది. పలక వంపు ఈ కొలతలో కూడా కలిసిపోయి ఉంటుంది. కొండ లాగే లాగుడులోంచి, కుంగిన పటలం వల్ల తగ్గే లాగుడు పోగా మిగిలిందే మనకు అందేది. కాబట్టి కింది పలక మందం సరిగ్గా పెట్టకపోతే కొండ ఎత్తు తప్పు వస్తుంది.

ఇది పుస్తకాల్లో మిగిలే విషయం కాదు. 2005 జనవరిలో అమెరికా జలాంతర్గామి శాన్ ఫ్రాన్సిస్కో, గువామ్‌కు దక్షిణాన, తాను వాడుతున్న పటంలో లేని సముద్ర పర్వతాన్ని గుద్దుకుంది. ఒక నావికుడు చనిపోయాడు.

నిశాచరి
నాదొక చివరి ప్రశ్న. కొండ పలకను వంచుతుందన్నారు. పలక వంగితే కొండ పుట్టడం కూడా జరుగుతుందా?

బసాల్టు
జరుగుతుంది! ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను.

జపాన్ కందకానికి తూర్పున, పసిఫిక్ పలక కిందికి దిగబోయే ముందు వంగి కొంచెం పైకి ఉబ్బుతుంది. అక్కడ 13 కోట్ల ఏళ్లకు పైబడిన పలక మీద, దగ్గర్లో ఏ హాట్‌స్పాట్ గానీ శ్రేణి గానీ లేకుండా, చిన్నచిన్న లేత అగ్నిపర్వతాలు కనిపించాయి. కొన్నిటి వయసు కొన్ని లక్షల నుంచి కొన్ని పదుల లక్షల ఏళ్లే. జపాన్ పరిశోధకులు 2006లో వీటి గురించి ప్రచురించి పెటిట్ స్పాట్ అని పేరు పెట్టారు. పలక అడుగున ఉండే మెత్తటి మాంటిల్ పొర, అంటే అస్థెనోస్ఫియర్‌లో కొద్దిపాటి కరిగిన పదార్థం ముందే ఉంటుంది. పలక వంగినప్పుడు పడే పగుళ్ల గుండా అది పైకి వస్తుంది. వేడి ప్లూమ్ అవసరం లేదు. పలక కింద కరిగిన పదార్థం చాలా చోట్ల ఉండవచ్చనడానికి ఇది బలమైన సూచన.

పెద్ద కొండల దగ్గర కూడా వంపు మాగ్మా దారిని మార్చగలదని కొందరి వాదన. బరువు కింద పలక పై భాగం నొక్కుకుపోతే మాగ్మా అక్కడినుంచి రావడం కష్టమవుతుంది, ఒత్తిడి తక్కువున్న అంచుల వైపు దారి వెతుక్కుంటుంది. దీవుల మధ్య దూరాలకు పలక బిగువుకు సంబంధం ఉండటానికి కారణం అదేనని వారి విశ్లేషణ. నాకు అది నమ్మదగినదిగానే అనిపిస్తుంది. తీరరేఖ గారు ఒప్పుకోకపోవచ్చు.

తీరరేఖ
ఒప్పుకోను. దీవుల మధ్య దూరం పలక కదిలే వేగం మీద, ప్లూమ్ నుంచి మాగ్మా వచ్చే తీరు మీద కూడా ఆధారపడుతుంది. పసిఫిక్ పలక ఏటా 7 నుంచి 10 సెంటీమీటర్లు కదులుతోంది. వంపు ఒక్కటే కారణమంటే, ఒకే వయసున్న పలక మీద వేర్వేరు గొలుసుల్లో దూరాలు ఒకేలా ఉండాలి. అది చూపించాక మాట్లాడదాం.

బసాల్టు
న్యాయమైన షరతే. దక్షిణ పసిఫిక్‌లోని లూయివిల్ సముద్ర పర్వతాల గొలుసు నుంచి మొదలుపెడదాం. అక్కడ పర్వతాలు చిన్నవి, దూరదూరంగా ఉంటాయి, పలక వయసు గొలుసు పొడవునా మారుతుంది. మీ షరతుకు మంచి పరీక్ష. దానికి వేరే చర్చ తెరుస్తాను, గీతలెక్క గారూ మీరూ రావాలి.

కెరటం
నేనూ వస్తాను. ఈలోగా ఒక్కటి చెప్పండి: హవాయి దీవికి దక్షిణాన నీటి కింద పెరుగుతున్న కమాఎహువాకనలోవా అగ్నిపర్వతం కూడా పలకను ఇలాగే వంచుతుందా?

బసాల్టు
వంచుతుంది, కానీ ఇప్పుడే విడిగా కనిపించదు. దాని శిఖరం సముద్రమట్టానికి సుమారు 975 మీటర్ల కింద ఉంది. అది మౌనా లోవా వాలు మీదే, ఇప్పటికే కుంగిన పలక మీదే పెరుగుతోంది. 1996లో అక్కడ వేల భూకంపాలు వచ్చి శిఖరం మీద కొంత భాగం కూలి పెద్ద గుంట పడింది. అది పెరిగి దీవిగా నీళ్లపైకి రావడానికి ఇంకా పదుల వేల ఏళ్లయినా పడుతుంది. అప్పటికి పలక అక్కడ మరింత దిగి ఉంటుంది కాబట్టి, పైకి రావడానికి ఈరోజు కనిపిస్తున్న 975 మీటర్ల కన్నా ఎక్కువే పెరగాల్సి ఉంటుంది.